సున్నా దగ్గరే అసలు జారుడు: ఐస్ కట్టిన ట్రాక్ మీద ఇంటర్వల్స్

బోస్టన్ మారథాన్ ఏటా ఏప్రిల్ మూడో సోమవారం జరుగుతుంది. దానికి 16 నుంచి 18 వారాల శిక్షణ కావాలంటే డిసెంబర్ చివర్లోనే మొదలుపెట్టాలి. అంటే 400 మీటర్లు, 800 మీటర్లు వేగంగా పరిగెత్తి, మధ్యలో నెమ్మదించి, మళ్లీ పరిగెత్తే ఇంటర్వల్ వర్కౌట్లు సరిగ్గా జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడతాయి. ఆ ఊళ్లో ట్రాకుల మీద మంచు, ఐస్ ఉండేదీ అప్పుడే. బోస్టన్, న్యూజెర్సీ, టొరంటో ప్రాంతాల్లో ఉంటూ పరుగు అలవాటు చేసుకున్న తెలుగువాళ్లకు కూడా ఏటా ఇదే సందేహం: మైనస్ 10 డిగ్రీల రోజు ట్రాక్ మీదికి వెళ్లడమా, ప్లస్ 1కి ఎక్కేదాకా ఆగడమా?

ఆగడమే మంచిదని ఎక్కువమంది అనుకుంటారు. ఒంటికి అది హాయే కావచ్చు. కాళ్లు, మణికట్లు క్షేమంగా ఉండాలంటే మాత్రం చాలాసార్లు ఆ లెక్క తిరగబడుతుంది.

క్లుప్తంగా

ఐస్ ఎక్కువగా జారేది గడ్డకట్టే చలిలో కాదు, సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఉన్నప్పుడు. ట్రాక్ వాలు, ఉప్పు చల్లకపోవడం, ప్రేక్షకుల స్టాండ్ల నీడ వల్ల ఒకే ల్యాప్‌లో పట్టు అడుగడుగునా మారుతుంది. వంపుల్లో వేగం పెరిగేకొద్దీ జారే అవకాశం ఇంకా వేగంగా పెరుగుతుంది. అందుకే చలికాలంలో దూరం, పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) పక్కన పెట్టి సమయం, శ్రమ లెక్కన వర్కౌట్ మార్చుకోవడం మేలు. వంపుల్లో ఐస్ ఉంటే ట్రాక్‌ను ఆ రోజుకి వదిలేయడమే సరి.

ఐస్ ఎప్పుడు ఎక్కువ జారుతుంది

మనిషి బరువుకు ఐస్ పైపొర కరిగి నీరవుతుందని, అందుకే జారుతుందని స్కూల్లో చెబుతారు. ఇందులో నిజం తక్కువే. ఐస్ కరిగే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గాలంటే వాతావరణ పీడనానికి దాదాపు 130 రెట్ల ఒత్తిడి కావాలి. వెడల్పాటి రబ్బరు సోల్ ఉన్న బూటు అంత ఒత్తిడి పెట్టలేదు. ఐస్ ఉపరితలం మీద, కరిగే స్థాయికి రాకముందే, ద్రవం లాంటి అతి పలుచని పొర ఒకటి ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే ఊహించారు. తరువాతి పరిశోధన ఆ ఊహను బలపరిచింది. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరయ్యేకొద్దీ ఈ పొర మందమవుతుంది, దాని మీద రుద్దుకునే బూటు పుట్టించే వేడి కూడా తోడవుతుంది.

పట్టు ఎంతుందో చెప్పే అంకె ఘర్షణ గుణకం. పొడి రోడ్డు మీద రబ్బరుకు అది సుమారు 0.7 ఉంటుంది. తొక్కి గట్టిపడ్డ మంచు మీద 0.2 నుంచి 0.3. ఐస్ మీద 0.1 లేదా అంతకన్నా తక్కువ. ఐస్ మీద నీటి పొర నిలిస్తే 0.05 దగ్గరికి పడిపోతుంది. మామూలు నడకకే సుమారు 0.2 కావాలి. అందుకే ఐస్ మీద మనుషులు తెలియకుండానే పొట్టి అడుగులు వేస్తారు.

బోస్టన్‌లో జనవరి సగటు గరిష్ఠం దాదాపు 3 డిగ్రీలు, కనిష్ఠం మైనస్ 5. అంటే మామూలు రోజుల్లోనే ఉష్ణోగ్రత సున్నాను పగలు ఒకసారి పైకి, రాత్రి ఒకసారి కిందికి దాటుతుంది. పగలు కరిగిన మంచు నీరై పారుతుంది, రాత్రి అదే నీరు నున్నటి ఐస్ అవుతుంది. మినియాపొలిస్‌లో ఇదే నెల సగటు గరిష్ఠం కూడా మైనస్ 5 దగ్గరే, కనిష్ఠం మైనస్ 13. అక్కడ చలి ఎక్కువ, మంచూ ఎక్కువ రోజులు నిలుస్తుంది. కానీ చాలా రోజులు అది కరగదు కాబట్టి కిర్రుమనే పొడి మంచుగానే ఉండిపోతుంది. చలి తక్కువ ఊళ్లో జారుడు ఎక్కువ కావడం వింతగా అనిపించినా కారణం ఇదే.

ట్రాక్ కట్టిన తీరులోనే చిక్కు

రోడ్డు మీద ఐస్ ఉంటే మున్సిపాలిటీ ఉప్పు చల్లుతుంది. మామూలు ఉప్పు దాదాపు మైనస్ 9 డిగ్రీల దాకా బాగానే పనిచేస్తుంది. సింథటిక్ ట్రాక్ మీద ఆ సౌకర్యం ఉండదు. పాలియురెథేన్, రబ్బరు పొర పాడవుతుందని ఉప్పు, ఇనుప పారలు వాడనివ్వరు. దాంతో ట్రాక్ పక్కనే ఉన్న పార్కింగ్ స్థలం నల్లగా ఆరిపోయి కనిపిస్తుంటే, ట్రాక్ మాత్రం వారాల తరబడి ఐస్ కిందే ఉండవచ్చు.

తరువాతిది వాలు. వాన నీరు నిలవకుండా ట్రాక్‌ను బయటి లేన్ నుంచి లోపలి లేన్ వైపు వంచి కడతారు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఈ అడ్డ వాలు 1 శాతం మించకూడదు. కంటికి కనిపించనంత చిన్న వాలు అది. నీటికి అది చాలు. ట్రాక్ శుభ్రం చేసేవాళ్లు మంచును బయటి అంచున పోగు వేశారనుకోండి. మధ్యాహ్నం ఎండకు ఆ కుప్ప అడుగు నుంచి కరుగుతుంది. ఆ నీరు ఎనిమిదో లేన్ నుంచి ఒకటో లేన్ దాకా అడ్డంగా పాకి, సాయంత్రానికి లోపలి అంచు దగ్గర అద్దంలా బిగుస్తుంది. ఎక్కువమంది పరిగెత్తేది ఆ ఒకటో లేన్‌లోనే. లోపలి డ్రెయిన్ మంచుతో మూసుకుపోయి ఉంటే పరిస్థితి ఇంకా చెడుతుంది.

నీడ సంగతి చాలామంది పట్టించుకోరు. డిసెంబర్ చివర బోస్టన్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి 24 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆ లెక్కన దక్షిణం వైపు 5 మీటర్ల ఎత్తున్న గోడ నీడ 11 మీటర్ల దాకా పడుతుంది. ఎనిమిది లేన్ల ట్రాక్ వెడల్పు 10 మీటర్లకు కాస్త తక్కువ. అంటే మొత్తం వెడల్పు నీడలోనే ఉండిపోతుంది. స్టాండ్ పడమట ఉంటే మధ్యాహ్నం తరువాత ఆ వైపు స్ట్రెయిట్ (ట్రాక్‌లో వంపు లేని తిన్నటి భాగం) అంతా నీడలోకి వెళుతుంది. ఒక స్ట్రెయిట్ పొడిగా ఎర్రగా కనిపిస్తుంటే ఎదుటి స్ట్రెయిట్ ఐస్‌తో ఉండటానికి ఇదే కారణం. పొడి వైపున వార్మప్ చేసి వేగం అందుకున్నవాళ్లు అవతలి వైపు జారిపడేదీ ఇలాగే.

ట్రాక్ మీద నీళ్లు నిలిపి కావాలనే ఐస్ చేసిన చరిత్ర కూడా ఉంది. ఓస్లోలోని బిస్లెట్ స్టేడియంలో వేసవిలో అథ్లెటిక్స్ రికార్డులు, చలికాలంలో స్పీడ్ స్కేటింగ్ రికార్డులు పడ్డాయి. 1952 శీతాకాల ఒలింపిక్స్ స్కేటింగ్ పోటీలు అక్కడే జరిగాయి. పరుగుకు పనికిరాని ట్రాక్‌ను నార్వే వాళ్లు అలా వాడుకున్నారు.

వంపులో ఏమవుతుంది

400 మీటర్ల ప్రామాణిక ట్రాక్ వంపు వ్యాసార్ధం 36.5 మీటర్లు. పరుగు గీత లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల అవతల లెక్కిస్తారు కాబట్టి 36.8 అనుకోవచ్చు. కిలోమీటరు 3 నిమిషాల 20 సెకన్ల వేగంతో, అంటే సెకనుకు 5 మీటర్ల చొప్పున పరిగెత్తే మనిషికి ఆ వంపు తిరగడానికి మాత్రమే దాదాపు 0.07 ఘర్షణ కావాలి. సెకనుకు 6 మీటర్లయితే 0.1. వేగం 20 శాతం పెరిగితే అవసరం 44 శాతం పెరిగింది, ఎందుకంటే ఇక్కడ వేగం వర్గంలో లెక్కకు వస్తుంది.

ఇది పక్కకు కావలసిన పట్టు మాత్రమే. కాలు నేలకు తగిలినప్పుడు ముందుకు జారకుండా, వెనక్కి తన్నినప్పుడు వెనక్కి జారకుండా కావలసిన పట్టు దీనికి అదనం. తడి ఐస్ ఇవ్వగలిగేది మొత్తం 0.05 అయినప్పుడు వంపు ఒక్కటే ఆ బడ్జెట్ దాటేస్తుంది. ఎనిమిదో లేన్‌కు మారితే వ్యాసార్ధం 45 మీటర్లు దాటుతుంది, అదే వేగానికి అవసరం 0.056కు తగ్గుతుంది. కొంత మేలే, కానీ ఐస్‌ను గెలిచేంత కాదు. పైగా అక్కడ ఒక ల్యాప్ 400 కాదు, దాదాపు 453 మీటర్లు.

జారినప్పుడు తగిలే దెబ్బలు రెండు రకాలు. వెనక్కి తన్నే కాలు ఒక్కసారిగా జారితే తొడ వెనక కండరం, గజ్జల కండరం పట్టేస్తాయి. మనిషి కింద పడకపోయినా ఇది జరుగుతుంది. పక్కకు పడితే చెయ్యి ఆన్చుతారు, బరువంతా మణికట్టు మీద పడుతుంది. మొదటి రకం గాయమే మోసకారి. ఆ పూట చిన్న లాగుడులా అనిపించి వర్కౌట్ పూర్తి చేసేస్తారు, నొప్పి మర్నాడు బయటపడుతుంది.

తెల్లవారుజాము అలవాటు ఇక్కడ పనికిరాదు

హైదరాబాద్, విజయవాడల్లో ట్రాక్ వర్కౌట్ అంటే తెల్లవారుజామున 5 గంటలు. ఎండ ముదిరేలోపు ముగించాలి. ఆ అలవాటుతో అమెరికా వెళ్లినవాళ్లు జనవరిలో కూడా అదే వేళకు లేస్తారు. నేల అత్యంత చల్లగా ఉండేది సరిగ్గా సూర్యోదయం ముందూ వెనకా. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ గాలి కన్నా చల్లబడుతుంది. వాతావరణ కేంద్రాలు ఉష్ణోగ్రత కొలిచేది నేలకు మీటరున్నర, రెండు మీటర్ల ఎత్తున. ఫోన్‌లో 2 డిగ్రీలు కనిపిస్తున్నా ట్రాక్ ఉపరితలం సున్నా కిందికి పోయి ఉండవచ్చు. లంబసింగిలో చలి ముదిరిన రోజుల్లో గడ్డి మీద తెల్లటి పొర పేరుకునేదీ ఈ పద్ధతిలోనే.

సాయంత్రం వేళ కూడా అంత మెరుగు కాదు. డిసెంబర్ మధ్యలో బోస్టన్‌లో సాయంత్రం 4:15 లోపే పొద్దు గుంకుతుంది. ఆఫీసు అయ్యాక 6:30కి ట్రాక్‌కు చేరేసరికి మధ్యాహ్నం కరిగిన నీరు తిరిగి బిగిసి రెండు గంటలై ఉంటుంది. వీలైతే మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్య, లేదా వారాంతం పగటిపూట చేసుకోవడమే తెలివైన పని. లంచ్ బ్రేక్‌లో వర్కౌట్ చేసేవాళ్లను చూసి నవ్వేవాళ్లు జనవరిలో నవ్వరు.

చీకట్లో ఐస్‌ను కనిపెట్టడం కష్టమే అయినా అసాధ్యం కాదు. తెల్లగా, మసకగా కనిపించే పొర పలుచని మంచు. దాని మీద కొంత పట్టు ఉంటుంది. అసలు భయపడాల్సింది పారదర్శకంగా ఉండే బ్లాక్ ఐస్‌కు. అది పట్టిన చోట ఎర్రటి ట్రాక్ తడిసినట్టు ముదురు రంగులో కనిపిస్తుంది. హెడ్‌ల్యాంప్ వెలుగు పక్కవాటుగా పడితే మెరుస్తుంది. తడిగా కనిపిస్తూ, బూటు ఆన్చితే నీళ్లు చిందకపోతే అది ఐసే. వార్మప్ మొదలుపెట్టేముందు ఒక ల్యాప్ పూర్తిగా నడిచి, లోపలి అంచు వెంట బూటు కొసతో రాస్తూ చూసుకుంటే ఎక్కడ పట్టు ఉందో, ఎక్కడ లేదో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఒంట్లో జరిగే మార్పులు

కండరం చల్లబడితే బలం తగ్గుతుంది. గెంతడం, స్ప్రింట్ లాంటి పనుల్లో కండరం ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ తగ్గితే శక్తి 3 నుంచి 5 శాతం పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. వేసవిలో 10 నిమిషాల వార్మప్ సరిపోయేవాళ్లకు ఇక్కడ 20, 25 నిమిషాలు పడుతుంది.

ఇంటర్వల్స్‌కే ప్రత్యేకమైన చిక్కు మధ్యలో వచ్చే విరామం. 65 కిలోల మనిషి సెకనుకు 5 మీటర్ల వేగంతో పరిగెడుతుంటే ఒంట్లో దాదాపు 1,000 వాట్ల వేడి పుడుతుంది. ఆగి నిలబడిన కొద్దిసేపటికే అది అందులో చిన్న భాగానికి పడిపోతుంది. అప్పటికే చెమటకు లోపలి బట్ట తడిసి ఉంటుంది. తడి బట్ట, చల్లగాలి కలిసి రెండు మూడు నిమిషాల్లోనే వణుకు పుట్టిస్తాయి, తొడలు బిగుసుకుంటాయి. తరువాతి రిపీట్ (విరామం తరువాత మళ్లీ వేగంగా పరిగెత్తే విడత) మొదటి 100 మీటర్లలో కండరం పట్టేసే అవకాశం అప్పుడే ఎక్కువ. కాబట్టి నిలబడి తీసుకునే విరామం కన్నా చిన్నదైనా నెమ్మది జాగింగ్‌తో తీసుకునేదే నయం. కాటన్ టీషర్ట్ అస్సలు వద్దు.

ఊపిరితిత్తుల వైపు చూస్తే, మైనస్ 10 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 2 గ్రాములకు కాస్త పైగా మాత్రమే తేమ పట్టుకోగలదు. 37 డిగ్రీల దగ్గర గాలి 44 గ్రాములు పట్టుకుంటుంది. గట్టిగా పరిగెత్తేవాళ్లు నిమిషానికి 100 లీటర్లకు పైగా గాలి పీలుస్తారు. ఆ గాలిని వెచ్చబరచి తడిపే పని శ్వాసనాళాలదే. నిమిషానికి మూడు నాలుగు గ్రాముల నీరు అలా ఖర్చవుతుంది. గోడలు ఎండిపోయి, కొందరిలో నాళాలు ముడుచుకుంటాయి. పరుగు అయ్యాక గంటల తరబడి వేధించే పొడిదగ్గుకు మూలం ఇదే. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది దగ్గుతో ఆగకపోవచ్చు, డాక్టర్ సలహా లేకుండా చలిలో ఇంటర్వల్స్ పెట్టుకోకూడదు. ముక్కు, నోరు కప్పే పలుచని బట్ట బయటికి వచ్చే తేమలో కొంత పట్టి ఉంచి లోపలికి తిరిగి పంపుతుంది. అంతర్జాతీయ స్కీ సమాఖ్య క్రాస్‌కంట్రీ పోటీలకు మైనస్ 20 డిగ్రీలను హద్దుగా పెట్టుకుంది. ఆ చలికి పుట్టి పెరిగిన క్రీడాకారులకే ఆ హద్దు అని గుర్తుంచుకోవాలి.

గాలి విషయంలో ట్రాక్‌కు ఒక ప్రత్యేకత ఉంది. గంటకు 18 కిలోమీటర్ల గాలిలో అంతే వేగంతో పరిగెత్తేవాళ్లకు ఒక స్ట్రెయిట్‌లో గాలే తగలదు, ఎదుటి స్ట్రెయిట్‌లో 36 కిలోమీటర్ల గాలి మొహాన కొడుతుంది. ప్రతి ల్యాప్‌లో ఒకసారి చెమట, ఒకసారి కోత. కెనడా వాతావరణ శాఖ లెక్క ప్రకారం విండ్ చిల్ (గాలి వల్ల ఒంటికి తెలిసే చలి) మైనస్ 28 కిందికి పోతే బయట పెట్టిన చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు.

వాచీలో పేస్ చూసి లాభం లేదు

పట్టు తగ్గితే అడుగు పొట్టిదవుతుంది, వెనక్కి తన్నే బలంలో కొంత వృథా అవుతుంది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది: 20 డిగ్రీలతో పోలిస్తే మైనస్ 10 దగ్గర దాని సాంద్రత 11 శాతం ఎక్కువ. చలికి బూటు అడుగున ఉండే ఫోమ్, ముఖ్యంగా మామూలు ఈవీఏ రకం, గట్టిపడి సాగే గుణం కోల్పోతుంది. పైన రెండు పొరల బట్టలు. ఇవన్నీ కలిసి అదే శ్రమకు వేగం తగ్గిస్తాయి. అక్టోబర్‌లో 800 మీటర్లు 3:20లో వచ్చిందని ఫిబ్రవరిలో అదే అంకె కోసం పట్టుబట్టడం అనవసరమైన టెన్షన్.

పోనీ గుండె వేగం చూద్దామంటే, మణికట్టు మీది వాచీ చర్మం కింద రక్తప్రవాహాన్ని వెలుగుతో కొలుస్తుంది. చలికి అక్కడి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రీడింగ్ తప్పుతుంది. ఛాతీ పట్టీ నమ్మదగినది. అది లేకపోతే ఊపిరే కొలమానం: రెండు మూడు మాటలకు మించి మాట్లాడలేని స్థితి ఉంటే ఇంటర్వల్ శ్రమ సరిగ్గా ఉన్నట్టే.

ఈ వర్కౌట్ లక్ష్యం గుండె, ఊపిరితిత్తులు గరిష్ఠానికి దగ్గరగా కొన్ని నిమిషాలు పనిచేయడం. దానికి 800 మీటర్ల గీతతో సంబంధం లేదు. 800 మీటర్లు ఆరుసార్లు అని ప్లాన్‌లో ఉంటే, మూడు నిమిషాల 20 సెకన్ల గట్టి శ్రమ ఆరుసార్లు, మధ్యలో రెండు నిమిషాల జాగింగ్ అని మార్చుకుంటే సరిపోతుంది. దీన్ని ఉప్పు చల్లిన రోడ్డు మీద, శుభ్రం చేసిన పార్కు దారిలో ఎక్కడైనా చేయవచ్చు. 1930లలో స్వీడన్ కోచ్ గోస్టా హోల్మెర్ రూపొందించిన ఫార్ట్‌లెక్ కూడా గీతలూ వాచీలూ అక్కర్లేని ఇలాంటి పద్ధతే.

స్ట్రెయిట్లు మాత్రం పొడిగా ఉండి వంపుల్లో ఐస్ ఉంటే కొందరు స్ట్రెయిట్ మీద పరిగెత్తి వంపులో నడుస్తారు. ప్రామాణిక ట్రాక్‌లో స్ట్రెయిట్ 84 మీటర్లు. కాళ్ల వేగానికి, పరుగు తీరుకు ఇది బాగానే పనికొస్తుంది. అయితే 800 మీటర్ల రిపీట్లకు ఇది బదులు కాదు. 15 సెకన్ల పరుగుతో గుండె ఆ స్థాయికి చేరదు.

ముళ్ల బూట్లు, మేకులు

సింథటిక్ ట్రాక్ మీద పరుగు పోటీల్లో వాడే స్పైక్స్ (బూటు అడుగు ముళ్లు) పొడవు 9 మిల్లీమీటర్లు మించకూడదు. అవి రబ్బరులోకి దిగడానికి చేసినవి. గట్టి ఐస్‌లోకి పెద్దగా దిగవు. బూటు కింద తగిలించే గొలుసు ముళ్లు, సోల్‌లో బిగించే స్క్రూలు ఐస్‌ను బాగానే పట్టుకుంటాయి. కానీ ఐస్ లేని చోట అవి ట్రాక్‌ను చీల్చుతాయి, అందుకే వాటిని అనుమతించని ట్రాకులే ఎక్కువ. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అతుకులు అతుకులుగా ఐస్ ఉన్న ట్రాక్ మీద ముళ్లు ఒక అడుగులో గట్టిగా పట్టేసి, మరో అడుగులో వదిలేస్తాయి. వేగంలో ఉన్న మోకాలికి ఆ మార్పు మంచిది కాదు. ఒకే రకంగా గట్టిపడ్డ మంచు దారిలో నెమ్మదిగా పరిగెత్తడానికే వాటి ఉపయోగం.

ట్రాక్ వదిలేస్తే ఎక్కడికి

ట్రెడ్‌మిల్‌ను చిన్నచూపు చూసే కాలం పోయింది. నార్వే ఒలింపిక్ విజేత యాకోబ్ ఇంగెబ్రిగ్ట్సెన్ శీతాకాలపు శిక్షణలో ట్రెడ్‌మిల్ వర్కౌట్లకు పెద్ద వాటా ఉంది. ఎదురుగాలి లేని లోటు పూడ్చడానికి 1 శాతం ఎత్తు పెట్టడం మామూలు. కిలోమీటరు 6 నిమిషాల కన్నా నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకు అది కూడా అక్కర్లేదు.

ఇండోర్ ట్రాక్ దొరికితే మంచిదే, ఒక మెలికతో. 200 మీటర్ల ఇండోర్ ట్రాక్ వంపు వ్యాసార్ధం 17 మీటర్లే. సెకనుకు 5 మీటర్ల వేగానికి పక్కకు కావలసిన పట్టు 0.15, అంటే బయటి ట్రాక్‌కు రెట్టింపు. పోటీలకు కట్టిన ట్రాకుల్లో వంపులను దాదాపు 10 డిగ్రీలు వాల్చి దీన్ని సరిచేస్తారు. వాలు లేని జిమ్ ట్రాకుల్లో ఆ భారమంతా చీలమండ, పిక్క, తుంటి మీద పడుతుంది. వారానికి రెండు ఇంటర్వల్ వర్కౌట్లు అక్కడే ఒకే దిశలో చేస్తే ఎడమ కాలికి నొప్పి రావడం మామూలే. దిశ మార్చుకోవడానికి ఒప్పుకునే వేళలు కొన్ని చోట్ల ఉంటాయి, కనుక్కోవాలి. బిస్లెట్‌లో 2005లో కట్టిన కొత్త స్టేడియం స్టాండ్ల కింద 546 మీటర్ల లోపలి పరుగు దారి ఉంది. ఓస్లో రన్నర్లు బయట ట్రాక్ మీద మంచు ఉన్నప్పుడు ఆ స్టాండ్ల అడుగునే చుట్లు వేస్తుంటారు.